మా క్లబ్బు కెప్టెను

గుడియాత్తంలో మా క్రికెట్ క్లబ్బు మొదలైన రోజుల్లో ఊరికంతా ఉన్న ఒక్క మంచి బ్యాటు ఒక జవుళి వర్తకుడిది. కెప్టెను కావడానికి అతనికి ఆ అర్హతే చాలింది. అవుటైనప్పుడల్లా పడిపోయిన వికెట్టు వైపు చూసి, "గాలప్పా, గాలికి పడిండాది," అనేవాడు. అంపైరుగా నిలబడే అతని బావమరిది వెంటనే ఒప్పుకునేవాడు. ఆకు కదలని ఎండాకాలంలోనూ మా మైదానంలో ఆ గాలి వీచేది.

ఒకసారి వేలూరు జట్టుతో ఆడటానికి వెళ్లాం. అక్కడి అంపైరు ఒక తెల్లదొర. మొదటి బంతికే వికెట్టు ఎగిరిపోతే, మా కెప్టెను గాలి మాటే ఎత్తకుండా దొరకు దండం పెట్టి వచ్చేశాడు.

తరవాత మా జట్టులోని ఒక నేతగాడు వరసగా నలుగురిని పడగొట్టాడు. దొర ముచ్చటపడి అతనెవరని అడిగాడు.

"మై షాప్ సర్వెంట్, సార్! ఐ టీచ్," అన్నాడు కెప్టెను.

సర్వెంట్ అంటే ఏమిటో నేతగాడికీ తెలుసు. అతను ఏనాడూ ఆ అంగట్లో పనిచేయలేదు. బంతి తెచ్చి కెప్టెను చేతిలో పెట్టాడు.

"నేర్పించినోడివి గదా, మిగతాది నువ్వే వెయ్యి నాయనా," అని స్టేషను దారి పట్టాడు.

కెప్టెను వేసిన బంతుల్ని వేలూరు వాళ్లు నవ్వుతూ కొట్టారు. చిత్తుగా ఓడిపోయాం.

తిరుగు రైల్లో కెప్టెను, "మగ్గం గుంటలో కూర్చునేటోళ్లకు మర్యాద యాడ తెలుస్తాది?" అన్నాడు. తొమ్మిది మందిమీ తలలూపాం. అందులో నలుగురం నేతగాళ్లమే.