ఖర్జూరపు తోటలో నీలకంఠ రొయ్యలు

మా అర్బాబ్, అంటే యజమాని, మోకాళ్ళ నొప్పికి వైద్యం చేయించుకోవడానికి బ్యాంకాక్ వెళ్ళి, మూడు వారాల తర్వాత ఒక థర్మోకోల్ పెట్టెతో తిరిగొచ్చాడు. అది 2004 మార్చి. అప్పటికి నేను దుబాయ్‌కి ఉత్తరాన ఉమ్ అల్ క్వైన్‌లో ఆయన ఖర్జూరపు తోటలో చేరి ఏడాది దాటింది. బావి మోటార్లు చూసుకోవడం, చెట్లకు నీళ్ళు పోయే పైపులు పగిలితే అతికించడం నా పని. నాతోపాటు తోటలో ఉండేది ఒక్కడే. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద. అంతకుముందు దుబాయ్‌లో అల్ కుసైస్ లేబర్ క్యాంపులో ఉండి బిల్డింగుల పని చేశాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను భాయ్ అనేవాడు.

అర్బాబ్ పికప్ దిగుతూనే "తాల్, తాల్" అని మమ్మల్ని పిలిచి, పెట్టెను నీళ్ళ తొట్టి గోడమీద పెట్టించాడు. అది తోటకు నీళ్ళు నిలవచేసే పెద్ద సిమెంటు తొట్టి, నిలబడితే నా ఛాతీ దాకా లోతు. ఆయన జేబులోంచి చాకు తీసి టేపు కోశాడు. లోపల గాలి నింపి బిగించిన నాలుగు ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో నీళ్ళు.

"ఏమిటో చెప్పండి చూద్దాం" అన్నాడు హిందీలో.

అన్న వంగి చూసి, "దోమ పిల్లల లెక్కనే ఉన్నయ్ భాయ్. గిసొంటియి మన తొట్ల గూడ ఉంటయ్ గదా. గివ్వి విమానమెక్కి ఎందుకొచ్చినయ్?" అన్నాడు నాతో తెలుగులో.

నేను సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. లోపల ఒక చిన్న వలముక్క, దాన్ని పట్టుకుని వేలాడుతున్న పిల్లలు. ఒంటి అవతల ఏముందో కనిపించేంత పలచన, ఆవగింజలో సగం కూడా లేని నల్లటి కళ్ళు. వాటిని అంత దగ్గరగా చూసి రెండేళ్ళయింది.

"నీలకంఠ రొయ్య" అన్నాను. తర్వాత అర్బాబ్ వైపు తిరిగి, "రుబియాన్. నదిలో ఉండే రుబియాన్" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "నీకెలా తెలుసు?"

ఎలా తెలుసో ఆ తోటలో ఎవరికీ చెప్పలేదు. నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున ఒక హేచరీలో ఆరేళ్ళు పనిచేశాను. తల్లి రొయ్యలు గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు సంచుల్లో చెరువులకు వెళ్ళేదాకా అన్ని పనులూ చేశాను. తర్వాత పిల్లల తోకలు తెల్లబడి చచ్చిపోయే జబ్బు వచ్చింది. తొట్లు కడిగాం, నీళ్ళు మార్చాం, మందులు పోశాం. తెల్లారి చూస్తే తొట్టి అడుగున తెల్లగా పరుచుకుని ఉండేవి. ఓనరు గేటుకు తాళం వేశాడు. నేను దుబాయ్‌కి కాగితాలు పెట్టుకునేటప్పుడు ప్లంబర్ అని రాయించుకున్నాను. ఇక రొయ్య మొహం చూడకూడదనే అనుకున్నాను.

అర్బాబ్ నా జవాబు కోసం ఆగలేదు. బ్యాంకాక్‌లో ఆస్పత్రి నుంచి బయటికొచ్చి, బొగ్గుల మీద కాల్చిన మూరెడు రొయ్యను తిన్నాడట. సముద్రానిది కాదు, మంచినీళ్ళదని చెబితే నమ్మలేదట. దాని పిల్లల్ని వెతికించి కొని, కాగితాలన్నీ సక్రమంగా రాయించుకుని తెచ్చానన్నాడు. చెబుతూనే చాకుతో ఒక సంచి మూతి కోసి తొట్టిలో గుమ్మరించబోయాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

అలా చేస్తానని నేనే అనుకోలేదు. వీసా ఇచ్చిన కఫీల్ చెయ్యి పట్టుకోవడమంటే మాటలు కాదు. అన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "సబర్, అర్బాబ్, కాస్త ఆగండి" అన్నాను. "ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు. ఒక్కసారి పోస్తే అన్నీ చచ్చిపోతాయి."

ఆయన నా చేతిని చూశాడు, నన్ను చూశాడు. చాకు మూసి జేబులో పెట్టుకుని, "సరే. నువ్వు చెయ్యి" అన్నాడు.

సంచుల్ని అలాగే తొట్టిలో తేలవేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాం. తర్వాత గ్లాసు గ్లాసుగా తొట్టి నీళ్ళు సంచుల్లో కలుపుతూ పోయాను. అర్బాబ్ కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నాడు. చివరికి సంచి వంచితే పిల్లలు వాటంతటవే బయటికి నడిచి తొట్టి గోడను పట్టుకున్నాయి. ఆ రోజు నుంచి నా పని మారిపోయింది. పైపులు అన్న చూసుకునేవాడు, నేను రొయ్యలు చూసుకునేవాణ్ణి. పని ఎక్కువైనప్పుడు ఇద్దరం రెండూ చూసుకునేవాళ్ళం.

మా బావి నీళ్ళు కాస్త ఉప్పన. ఖర్జూరాలకు అంతగా పడేవి కావు గాని రొయ్యలకు ఇబ్బంది లేదు. కోళ్ళ దాణా, ఉడకబెట్టి మెదిపిన గుడ్డు, మార్కెట్లో దొరికే చిన్న చేపల తరుగు పెట్టేవాళ్ళం. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పాత గాలి మోటారు కొనుక్కొచ్చి, దానికి ట్యూబులు బిగించి తొట్టిలో బుడగలు వదిలాను. నెల తర్వాత తొట్టిలో తక్కువగా కనిపిస్తుంటే అన్న, పిట్టలు ఎత్తుకుపోతున్నాయన్నాడు. పిట్టలు కాదు. రొయ్య పెరిగేటప్పుడు పాత పెంకు వదిలేస్తుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తగా ఉంటుంది. అప్పుడు పక్కనున్నది దాన్ని తినేస్తుంది. దాక్కోవడానికి చోటుంటే బతుకుతాయి. తోటలో ఎండిన ఖర్జూర మట్టలకు కరువేముంది. కట్టలు కట్టి రాళ్ళతో ముంచాం. పగిలిన పైపు ముక్కలు కూడా వేశాం. మరునాడు చూస్తే ప్రతి పైపు ముక్కలోంచీ రెండు మీసాలు బయటికి కదులుతున్నాయి.

మే నెల వచ్చేసరికి నాకు భయం పట్టుకుంది. తొట్టి మీద మట్టలతో పందిరి వేశాం. అయినా మధ్యాహ్నం సిమెంటు గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. నీళ్ళు అంత వేడెక్కితే రొయ్య తట్టుకోదు. ఐసు వేద్దామా అని అర్బాబ్ అడిగాడు. ఎన్ని ఐసు దిమ్మలు వేసినా ఆ తొట్టికి ఒక మూలకు చాలవు.

ఆ సాయంత్రం అన్న చాయ్ తాగుతూ, "భాయ్, బిల్డింగుల కాడ పిల్లర్ పోసినంక ఏం జేస్తమో ఎర్కేనా?" అన్నాడు.

"ఏం చేస్తారన్నా?"

"గోనెపట్టలు సుట్టి దినమంత నీళ్ళు గొడ్తం. ఎండ ఎంత గొట్టని, లోపట పిల్లర్ సల్లగుంటది. గీ తొట్టికి గూడ గట్లనే సుడదాం."

ఆరేళ్ళు హేచరీలో పనిచేసిన నాకు ఆ ఆలోచన రాలేదు. ఊళ్ళో బియ్యం కొట్ల నుంచి ఖాళీ గోనెసంచులు తెచ్చి, విప్పి, తొట్టి చుట్టూ రెండు వరసలు కట్టాం. గోడపైన చిల్లుల పైపు పెట్టి నీళ్ళు కారేలా చేశాను. పొడి గాలి తడి గోనెకు తగిలి, రెండో రోజుకే తొట్టిలో తేడా తెలిసింది. గోడ పక్కన నిలబడితే మనకే హాయిగా ఉండేది. అర్బాబ్ కుర్చీ అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలోంచి శాశ్వతంగా అక్కడికే మారింది. రోజూ సాయంత్రపు అసర్ నమాజు తర్వాత వచ్చి కూర్చునేవాడు. ఆయన తండ్రి ఖోర్‌లో, అంటే సముద్రపు పాయలో, చేపలు పట్టేవాడట. "సముద్రంలో ఉన్నవాటి పేర్లన్నీ నాకు తెలుసు. మాయ్ హిలులో ఇలాంటిది ఉంటుందని ఈ వయసులో తెలిసింది" అనేవాడు. మనం మంచినీళ్ళు అనేదాన్ని వాళ్ళు మాయ్ హిలు, అంటే తీపి నీళ్ళు, అంటారు.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున నేను ఫజర్ నమాజుకు లేచి చేతులూ కాళ్ళూ కడుక్కుని వజూ చేసుకుంటుంటే, రోజూ వినిపించే గాలి మోటారు చప్పుడు లేదు. పరుగెత్తుకెళ్ళాను. కరెంటు పోయింది. నీళ్ళ అంచు వెంబడి గోడకు ఆనుకుని రొయ్యలు వరసగా పైకొచ్చి ఉన్నాయి. కొన్ని గోడ పైకి పాకాలని చూస్తున్నాయి. ఊపిరాడనప్పుడు అవి చేసేది అదే. బావి మోటారు కూడా కరెంటుదే కాబట్టి కొత్త నీళ్ళు వదిలే దారి లేదు.

"అన్నా, లెయ్యి. రొయ్యలు పోతుండాయి" అని అరిచాను.

అన్న లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. ఇద్దరం తొట్టిలోకి దిగాం. నేను బకెట్టుతో నీళ్ళు ఎత్తి పైనుంచి పోస్తున్నాను, ఆయన పారతో నీళ్ళను చరుస్తున్నాడు. గాలి నీళ్ళలో కలవాలంటే అదొక్కటే దారి. కాళ్ళకింద రొయ్యలు తగులుతున్నాయి, ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. పావుగంటకే నా భుజాలు పడిపోయాయి.

అంతలో మసీదు నుంచి అర్బాబ్ వచ్చాడు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. తలగుడ్డ గుత్రా తీసి కుర్చీమీద పడేసి, పొడవాటి చొక్కా కందూరాను నడుముకు బిగించి, మెట్లమీద నుంచి మెల్లగా నీళ్ళలోకి దిగాడు.

"అర్బాబ్, మోకాళ్ళు" అన్నాను.

"యల్లా, బకెట్టు ఇవ్వు" అన్నాడు.

ముగ్గురం నీళ్ళు కొట్టాం. మధ్యలో ఆయన ఫోనులో ఎవరినో కేకలేసి ఎలక్ట్రీషియన్‌ను రప్పించాడు. ఎండ పందిరి మీదికి రాకముందే కరెంటు వచ్చింది. మోటారు బుడగలు మళ్ళీ మొదలయ్యాక అంచున ఉన్న రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. చనిపోయినవి ఏరితే ఒక బకెట్టు నిండింది. నేననుకున్నదానికన్నా అది చాలా తక్కువ.

అర్బాబ్ తొట్టి మెట్టుమీద తడిసిన బట్టలతో కూర్చుని కాళ్ళు చాచుకున్నాడు. "బ్యాంకాక్ డాక్టరు రోజూ నీళ్ళలో నడవమన్నాడు. అయిదు నెలలు వాయిదా వేశాను" అన్నాడు. అన్న ముందు నవ్వాడు, తర్వాత మేమిద్దరం నవ్వాం. ఆ వారమే మోటారుకు తోడుగా ఒక చిన్న జనరేటర్ వచ్చింది.

రంజాన్ నెలకు ముందు తొట్టి ఖాళీ చేశాం. నీళ్ళను చెట్ల కాలవల్లోకి వదిలేస్తే, అవి తగ్గేకొద్దీ మట్టల మధ్య నుంచి రొయ్యలు బయటపడ్డాయి. మగవాటి కొండీలు ఒంటికన్నా పొడుగు, నీలం రంగు. అన్న చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని కూడా ఒకదాన్ని పట్టుకోవడానికి పది నిమిషాలు తీసుకున్నాడు. "గిది రొయ్య గాదు భాయ్, తేలుకు పెద్దన్న" అన్నాడు.

సాయంత్రం అర్బాబ్ స్నేహితులు వచ్చారు. ఆయనే స్వయంగా బొగ్గుల మీద కాల్చి నిమ్మకాయ పిండి పెట్టాడు. అందరూ ముసలివాళ్ళు, సముద్రం మీద బతికినవాళ్ళు. ఒకాయన తిని, చేతులు తుడుచుకుని, "ఇందులో సముద్రం లేదు" అన్నాడు. ఇంకొకాయన అవునన్నాడు. అర్బాబ్ మాత్రం ఏమీ పట్టనట్టు, "ఇది సముద్రంలోంచి రాలేదు, నా తొట్టిలోంచి వచ్చింది. ఇంకోటి తిను" అని ఆయన పళ్ళెంలో పెట్టాడు. వాళ్ళు మాట్లాడుకుంటూనే పళ్ళాలు ఖాళీ చేశారు.

మా వాటా మా గదిలో వండుకున్నాం. నెల్లూరు పద్ధతిలో ఉల్లిపాయ బాగా వేయించి, కారం ఘాటుగా వేసి ఇగురు చేశాను. తలలో ఉండే పసుప్పచ్చ కొవ్వును పారెయ్యకుండా ఇగురులోనే వదిలాను. అన్న దాన్ని వేడన్నంలో కలుపుకుని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. "మా ఊరి కాల్వల పట్టిన రొయ్యలు గోరంత ఉంటుండె. తలకాయలు పారేస్తుంటిమి. తప్పు జేసినం" అన్నాడు చివరికి.

తొట్టి ఖాళీ చేసినప్పుడు పొట్టకింద గుడ్లున్న ఆడ రొయ్యలు నాలుగు దొరికాయి. వాటిని వేరుగా ఉంచాను. అర్బాబ్ మళ్ళీ బ్యాంకాక్ వెళ్ళి పిల్లలు తేవాలని అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాడు. అక్కర్లేదని చెప్పాను. "ఇక్కడే పుట్టిస్తాను. ఆరేళ్ళు నేను చేసింది అదే పని" అన్నాను. ఆ మాట చెప్పాక ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది.

నీలకంఠ రొయ్య బతికేది మంచినీళ్ళలోనే అయినా, గుడ్డులోంచి వచ్చిన పురుగుకు మాత్రం ఉప్పు నీళ్ళు కావాలి. ఖోర్ నుంచి సముద్రపు నీళ్ళు డ్రమ్ముల్లో తెచ్చి బావి నీళ్ళతో కలిపాను. మొదటిసారి పద్దెనిమిది రోజులు బతికి, ఒక్క పగట్లో అన్నీ చనిపోయాయి. డ్రమ్ము అడుగు తెల్లగా కనిపిస్తే రెండు రోజులు అన్నం సయించలేదు. అర్బాబ్ వచ్చి చూసి, "ఖలాసా? అయిపోయినట్టేనా?" అని అడిగాడు. ఖలాస్ కాదన్నాను. ఇంకో తల్లి ఉందని చూపించాను.

రెండోసారి డ్రమ్ముల్ని గదిలోకి మార్చాం. మా మంచాలు వరండాలో వేసుకున్నాం. చలికాలం కాబట్టి హీటరు పెట్టి, గుడ్డు, పాలపొడి కలిపి ఆవిరికి ఉడికించి, సన్నటి గుడ్డలోంచి వడకట్టి రోజుకు అయిదారుసార్లు వేసేవాళ్ళం. ఆ పసి పురుగులు తలకిందులుగా, తోక ముందుకు పెట్టి ఈదుతాయి. నెల రోజుల తర్వాత ఒక ఉదయం అన్న డ్రమ్ములో చూస్తూ నన్ను పిలిచాడు. "భాయ్, ఒకటి సీదా అయింది సూడు." నిజమే. ఒకటి తిరగబడి, రొయ్యలా గోడను పట్టుకుని నడుస్తోంది. మధ్యాహ్నానికి పది, మరునాటికి వందలు. ఒక్కదాని తోకా తెల్లగా లేదు.

ఆ తర్వాత ఏటా మేమే పిల్లల్ని పుట్టించాం. పక్క తోటవాళ్ళు కూడా వచ్చి సంచుల్లో తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ పనివాళ్ళలో పఠాన్లు, బెంగాలీలు, మలయాళీలు ఉండేవాళ్ళు. సగం హిందీలో, సగం చేతి సైగలతో వాళ్ళకు నీళ్ళు కలపడం నేర్పేవాణ్ణి. వీసా తిరిగి రాయించేటప్పుడు నా పని రొయ్యల పెంపకమని రాయించాలని అర్బాబ్ వీసా కాగితాలు నింపే టైపింగ్ సెంటర్‌లో చాలాసేపు వాదించాడు. వాళ్ళ జాబితాలో అలాంటి పని లేదట. ప్లంబర్‌గానే ఉండిపోయాను.

2008లో నేను ఇంటికి వచ్చేశాను. తొట్లు అప్పటికి మూడయ్యాయి. వాటిని అన్నకు అప్పగించి, గుడ్లు బూడిదరంగుకు తిరిగాక తల్లిని ఎప్పుడు మార్చాలో మళ్ళీ ఒకసారి చెప్పబోతే, "ఎన్నిసార్లు జెప్తవ్ భాయ్, నాకు నీకంటె ఎక్కువ తెలుసు ఇప్పుడు" అన్నాడు. అది నిజమే.