మార్సెయ్‌లో దొంగలున్నారట

ఫ్రాన్సు వెళ్తున్నామని ఒక్క మాట జారితే చాలు, అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో సలహాలిచ్చేవాళ్ళకి లోటేం లేదు. ఆ శనివారం రాగిణి ఇంటికి భోజనానికొచ్చినవాళ్ళు తలా ఒకటి చెప్పారు. మెత్తటి బూట్లు కొనుక్కోండన్నారు. పాస్‌పోర్టు నడుముకి కట్టుకోండన్నారు. మ్యూజియం టికెట్లు ముందే బుక్ చేయకపోతే లైన్లో నిలబడి కాళ్ళు పడిపోతాయన్నారు. పులిహోర పేస్టు, మాగాయ పట్టుకెళ్ళకపోతే వారం రోజులూ ఎండు రొట్టె నమలడమే అన్నారు.

వంటగదిలో పెసరట్లు పోస్తున్న రాజేశ్వరమ్మ అన్నీ వింటోంది. రాగిణి తల్లి ఆవిడ. డెబ్బై రెండేళ్ళు. పుట్టిందీ మెట్టిందీ యానాంలోనే, చదివింది మూడో క్లాసు. ఆర్నెల్లుందామని కూతురింటికి వచ్చి రెండు నెలలైంది. అసలీ ప్రయాణం ఆవిడ కోసమే మొదలైంది. ఆవిడ అక్క మంగాయమ్మ ఫ్రాన్సులో, సముద్రం ఒడ్డున మార్సెయ్ అనే ఊళ్ళో ఉంటుంది. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి పోయినప్పుడు, మాకు ఆ దేశమే కావాలని సంతకం పెట్టినవాళ్ళలో మంగాయమ్మ మొగుడొకడు. అక్కడి సైన్యంలో చేరాడు, పెళ్ళాన్ని తీసుకుపోయాడు. ఆయన పోయి పదేళ్ళు. అక్కకి ఎనభై దగ్గర పడింది, మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక విమానం ఎక్కలేనంది. తల్లి దినాలకొచ్చి పదకొండు రోజులుండి వెళ్ళిందే ఆఖరు. దానికీ ఇరవై ఆరేళ్ళు నిండాయి.

"మార్సెయా? ఎందుకండీ!" అన్నాడు కౌశిక్. అల్లుడి స్నేహితుడు, రెండు వీధులవతల ఇల్లు. "ఊరి నిండా దొంగలే. అది స్కిప్ చేసి డిస్నీలాండ్‌కి ఇంకో రోజు పెట్టుకోండి, పిల్ల ఎంజాయ్ చేస్తుంది."

రాజేశ్వరమ్మ అట్లకాడతోనే హాల్లోకి వచ్చింది.

"నువ్వెళ్ళావా బాబూ ఆ ఊరు?"

"లేదాంటీ. మేం పారిస్ వరకే. యూట్యూబ్‌లో చూశాను."

"మా అక్క అక్కడ యాభై ఏళ్ళ నుంచి ఉంది. ఆస్పత్రి వార్డులు తుడిచి పిల్లల్ని పెంచింది. దాన్నెవరూ దోచుకోలేదు. ఇక్కడ సోఫాలో కూర్చున్న నిన్ను దోచుకున్నారా?"

అందరూ నవ్వారు, కౌశిక్ తప్ప. అల్లుడు అమర్‌నాథ్ సర్దబోయాడు. "వాడు సేఫ్టీ గురించి చెబుతున్నాడండీ అత్తయ్యగారూ."

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ కూతురు మెల్లిగా బయటపెట్టింది. పారిస్ నాలుగు రోజులు, డిస్నీలాండ్ రెండు, మార్సెయ్ ఒక్కరోజు. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేయడమట.

"టికెట్టు కొని చూసి వచ్చేయడానికి మా అక్కేమైనా మ్యూజియమా?" అంది రాజేశ్వరమ్మ. కాఫీ గ్లాసు సింకులో పడ్డ చప్పుడుకి పైన గదిలో నిద్రపోతున్న మనవరాలు అనుష్క లేచి కూర్చుంది. ఆ పూట ఆవిడ వంటింట్లోకి అడుగుపెట్టలేదు. మధ్యాహ్నానికి ఒక్కరోజు మూడు రోజులైంది.

వీసా వేలిముద్రలకి హ్యూస్టన్ వెళ్ళాలి. నాలుగు గంటల పైన డ్రైవ్. రాజేశ్వరమ్మ తెల్లారకుండానే తలంటుకుని, ఉప్పాడ చీర కట్టుకుని కారెక్కింది. రాగిణి, అమర్‌నాథ్, అనుష్కల కాగితాలు చకచకా అయిపోయాయి. ఆవిడ పాస్‌పోర్టు దగ్గర కౌంటరు పిల్ల ఆగింది. ముందుకీ వెనక్కీ తిప్పింది. ఏదో అంది. రాగిణి మొహం పాలిపోయింది.

"ఏవంటుందే?"

"నువ్విక్కడికి విజిటర్‌వి కదమ్మా... ఇక్కడుండేవాళ్ళకే ఇస్తారట. నువ్వు ఇండియా నుంచే అప్లై చేయాలట."

బూట్ల సంగతి చెప్పారు, మాగాయ సంగతి చెప్పారు, జేబుదొంగల సంగతి చెప్పారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు. ఇంట్లో తిరుగుతోంది కదా, అట్లు పోస్తోంది కదా అని ఆవిడ అడ్రసు కూడా ఫ్రిస్కో అనే రాసేశారు. గ్రీన్‌కార్డు వాళ్ళకుంది, ఆవిడకి లేదు. ఆవిడ చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. ఆ సంగతే మర్చిపోయారు.

తిరుగు దారిలో రాగిణి అంది, "అమ్మా, మా టికెట్లు నాన్ రిఫండబుల్. మేం వెళ్ళి పెద్దమ్మని చూసొస్తాం. అక్కణ్ణించి నీకు వీడియో కాల్ చేస్తాం. ఆ వారం రోజులూ నువ్వు కౌశిక్ వాళ్ళింట్లో..."

"అల్లుడుగారూ, కారాపండి."

హైవే మీద ఆపడం కుదరదన్నాడు అమర్‌నాథ్. తర్వాతి ఎగ్జిట్‌లో, పెట్రోలు బంకు పక్కన ఆపాడు. రాజేశ్వరమ్మ దిగింది, కూతుర్ని దింపింది.

"మా అక్క మొహం ఫోన్లో రోజూ చూస్తూనే ఉన్నానే. వీడియో నువ్వు చూపించాలా నాకు? దాని చెయ్యి పట్టుకోవాలి. దాని తల దువ్వాలి. నా బదులు నువ్వెళ్ళి డిస్నీలాండ్ దారిలో దాన్ని చూసొస్తావా? సిగ్గులేదూ! నాకు ఇండియా టికెట్టు తియ్యి. నా దేశం నుంచి వేసుకోమంది కదా ఆ పిల్ల, వేసుకుంటాను."

"ఒక్కదానివే ఎలా వెళ్తావమ్మా? ఇంగ్లీషు రాదు, ఫ్రెంచి రాదు."

"ఇక్కడికెలా వచ్చాను? చక్రాల కుర్చీలో కూర్చుంటే వాళ్ళే తోసుకొచ్చారు. అక్కడికీ తోస్తారు."

మర్నాడు పొద్దున అక్కకి ఫోన్ చేసింది. మంగాయమ్మ అంతా విని, తన సలహాలు మొదలెట్టింది.

"దుకాణంలోకి వెళ్ళగానే ముందు బోంజూర్ అనవే, అంటే నమస్కారమని. అనకపోతే నీ మొహం చూడరు. ఇక్కడ గాలి చెడ్డది, చెంగు దోపుకో. చింతపండు మొయ్యకు, దొరుకుతుంది. మా అమ్మాయి పారిస్ వచ్చి నిన్ను రైల్లో తెస్తుంది. మార్సెయ్ స్టేషన్ ముందు వంద మెట్లుంటాయి, దిగకు. పైనే నించో, కారు పైకే వస్తుంది. వీసాకి ఆహ్వానం కాగితం మునిసిపాలిటీలో నేనే వెళ్ళి తెస్తాను."

"దొంగలున్నారటగా మీ ఊళ్ళో?"

"ఎందుకు లేరూ. నా సంచి రెండుసార్లు లాక్కుపోయారు."

"చెప్పి చావవేం! నీ గురించి ఇక్కడ ఊరందరితో తగువేసుకున్నాను!"

మంగాయమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది.

రాజేశ్వరమ్మ ఆ నెలలోనే యానాం వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో సామాను మొయ్యడానికి కౌశిక్ కూడా వచ్చాడు. వీల్‌చైర్‌లో కూర్చున్నాక అతన్ని దగ్గరికి పిలిచింది. "బాబూ, ఇకమీదట ఎవరింట్లోనైనా ఫ్రాన్సు కబుర్లొస్తే బూట్ల సంగతి తర్వాత చెప్పు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏ వీసా మీద వచ్చారో ముందడుగు." కౌశిక్ బుద్ధిగా తలూపాడు.

హైదరాబాదు వెళ్ళి వేలిముద్రలిచ్చింది. బ్యాంకు కాగితాలు చాలవని ఒకసారి తిప్పిపంపారు, మళ్ళీ వెళ్ళింది. వీసా చేతికొచ్చేసరికి దసరా దాటింది.

మార్సెయ్ స్టేషన్లోంచి అక్క కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది రాజేశ్వరమ్మ. చెప్పినట్టే గాలి కొట్టింది, చెంగు దోపుకుంది. చెప్పినట్టే మెట్లున్నాయి. వాటి పై మెట్టు మీద ఊలు కోటు వేసుకుని, కర్ర పక్కన పెట్టుకుని, ఆయాసంతో రొప్పుతూ ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కింద బస్సు దిగి, వంద మెట్లూ ఎక్కి వచ్చింది.

"నీకేమైనా మతి పోయిందటే!" అని అరిచింది రాజేశ్వరమ్మ, దారిన పోయేవాళ్ళు ఆగి చూసేలా. "ఆ మోకాళ్ళతో ఎవరెక్కమన్నారే నిన్ను? పైనే నించోమని నాకు చెప్పి నువ్వు చేసే పని ఇదా? కారేమైంది? నాలుగు నిమిషాలు ఆగలేకపోయావా?"

"ఇరవై ఆరేళ్ళు ఆగాను కదే," అంది మంగాయమ్మ. "ముందు బోంజూర్ అను."

"నీ మొహం," అని రాజేశ్వరమ్మ ఆ మెట్టు మీదే చతికిలపడి అక్క చెయ్యి పట్టుకుంది. తిట్టడం మాత్రం ఆపలేదు.