బయ్యమ్మక్క ఫోను తాళం

“రగస్యమంతా ఒకరి కాడే పెడితే, ఆ ఒక్కరు నోరు జారితే సాలు గదప్పా! అందుకే అంకెలు తలా ఒకటి పంచినా,” అంది బయ్యమ్మక్క నాతో, ఆరిపోయిన సెల్లును కొంగుతో తుడుస్తూ.

కురబలకోటలో గొర్రెలు పెంచే ఆమె రెండువేల నాలుగులో ఆ ఫోను కొంది. ఆన్ చేయగానే అది నాలుగంకెల పిన్ అడుగుతుంది. ఒక అంకె తను ఉంచుకుని, ఒకటి మదనపల్లెలో అన్నకు, ఒకటి పుంగనూరులో మేనత్తకు, చివరిది కుప్పంలో చెల్లెలు చెంగమ్మకు చెప్పి, ఆ మూడూ పట్టుబట్టి మర్చిపోయింది.

ఇప్పుడు సంత దగ్గర పడింది. బేరగాడు ఆ ఫోనుకే చేస్తాడు. ఎత్తకపోతే వేరే వాళ్ల గొర్రెలు కొనుక్కుంటాడు. తనే వెళ్లి అడగ్గానే అన్నా, అత్తా చెప్పేశారు. చెంగమ్మే చెప్పనంది.

“‘నేనే వచ్చి అడిగినా చెప్పొద్దు’ అని గంగమ్మ మీద ఒట్టేయించినా. మాట తప్పే మనిషి కాదప్పా అది!” అంది గర్వంగా.

“సున్నా నుంచి వరసగా కొట్టి చూద్దామా అక్కా?” అన్నాను.

“మూడు తప్పులైతే సిమ్ము బిగుసుకుంటాదంట. రెండు నిన్ననే కొట్టినా.”

“పోనీ, అంగడి కాడ రూపాయి బిళ్ల వేసే ఫోన్లో చెంగమ్మను నేను అడగనా?”

“రగస్యం తీగలో పోతే తోవంతా వినరా? పైగా రూపాయి దండగ!”

కుప్పానికి బస్సు చార్జీ ఎంతో నేను గుర్తుచేయలేదు.

“నాకు చెప్పొద్దన్నా గానీ, నీకు చెప్పొద్దనలేదు. రేపు పోయి రాప్పా. అంకె చెప్తే తీసుకో. బయటోళ్లకి చెప్పినందుకు మాత్రం, నా మాటగా దాన్ని బాగా తిట్టి రా!”