అక్క ఫోన్లో ఉన్నంతసేపు

మా ఇంట్లో అక్క ఫోన్లో మాట్లాడుతున్నప్పుడే ఇంటర్నెట్టు సరిగ్గా వచ్చేది. ఈ మాట చెబితే వీధిలో వాళ్ళు నవ్వారు. ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే వాళ్ళు నవ్వను కూడా లేదు. "మోడెం ఆపి మళ్ళీ వేయండి సార్" అన్నారు. నవ్వినా బాగుండేది.

పెనుకొండలో మా వీధికి అప్పటికింకా ఫైబరు రాలేదు. పక్క వీధి మలుపు దాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పే నాథుడు లేడు. మాకున్నది పాత రాగి తీగ. ఫోనూ దాని మీదే, నెట్టూ దాని మీదే. ఆ తీగ కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి కాచుకున్నవాణ్ణి నేను. నిచ్చెన భుజానేసుకుని లైనుమ్యాన్ మా వీధిలోకి వచ్చిన రోజు జనం వాకిళ్ళలో నిలబడి చూశారు. అంత గౌరవంగా వచ్చిన తీగను ఇప్పుడు ఆఫీసు వాళ్ళే గాలికి వదిలేశారు. స్తంభాల మీద తీగలు తెగిన పతంగుల తోకల్లా వేలాడుతుంటే తలెత్తి చూసేవాడు లేడు.

నెట్టు అవసరం నాకు లేదు, నా కోడలికి ఉంది. ఆ పిల్ల కంప్యూటర్ మీద పట్టుచీరల అంచులు, కొంగులు గీసి హిందూపురంలో మగ్గాలు నడిపే ఒక యజమానికి పంపుతుంది. అక్కడ ఆ బొమ్మను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు చెప్పినట్టు మగ్గం నేస్తుంది. బొమ్మ చేరకపోతే మగ్గం ఖాళీగా నిలబడుతుంది. నా కొడుకు కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు. చంటిబిడ్డ ఇంకా తల్లిపాల మీదే ఉంది. బిడ్డను ఉయ్యాల్లో వేసి, ఒక కాలితో ఉయ్యాల తాడు లాగుతూ, చేత్తో మామిడిపిందెలు, హంసలు గీసేది కోడలు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాబట్టే ఆమెకు ఆ పని కుదిరింది.

గీయడంలో ఇబ్బంది లేదు, పంపడంలోనే వచ్చేది. ఫైలు సగం పోయి ఆగేది. మోడెం మీద పచ్చగా నిలకడగా వెలగాల్సిన దీపం మిణుకుమిణుకుమనేది. మళ్ళీ మొదటినుంచి పంపాలి. ఒక్కొక్క రోజు పొద్దున మొదలుపెట్టిన ఫైలు, పొయ్యి మీద పప్పు ఉడికి దించినా కదిలేది కాదు.

కిటుకు కనిపెట్టింది కోడలే. ఒకరోజు అక్క ఫోన్ పట్టుకుని ధర్మవరం సంగతులన్నీ ఆరా తీస్తుంటే, ఉన్నట్టుండి ఫైలు గడగడా వెళ్ళిపోయింది. అక్క ఫోన్ పెట్టేయగానే దీపం మళ్ళీ మిణుకు. మరుసటి రోజూ అంతే. ఆ తరువాత అదే మా ఇంటి పద్ధతైపోయింది. ఫైలు తయారు కాగానే కోడలు గదిలోంచి కేక వేసేది.

"పెద్దమ్మా, ధర్మవరానికి ఫోన్ చెయ్యి!"

"ఇప్పుడే కదమ్మా చేసింది? ఏం మాట్లాడల్ల మళ్ళా?"

"ఏదో ఒకటి మాట్లాడు. పెద్ద ఫైలు ఇది."

"సరేలే, వాళ్ళ కోడలి సంగతి అడగలేదు ఇంకా. అది పెద్ద ఫైలే."

మా అక్క నాకంటే పెద్దది. బావ పోయాక, నా భార్య కూడా పోయాక, ధర్మవరం వదిలి మా ఇంటికి వచ్చింది. అక్కడ ఆమె పని పడుగు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, ఆ కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి మెలివేయాలి. వేల పోగులుంటాయి, ముడి ఉండకూడదు. జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుంటారు. ధర్మవరంలో వీధులకు వీధులు ఆమెను పిలిపించుకునేవి. అక్క అతికిన పోగు జారిందన్న మాట నేను వినలేదు. ఎవరైనా అనుంటే, వాళ్ళను అక్క బతకనిచ్చేది కాదు.

ఇలా గోష్ఠి పెట్టి నెట్టు నడుపుకోవడం నాకు అవమానంగా ఉండేది. నేను బడిలో చదివింది తక్కువ. రేడియోలు విప్పుతూ, పొట్లాలకు వచ్చిన కాగితాలు చదువుతూ నేర్చుకున్నదే ఎక్కువ. కారణం లేకుండా ఏదీ జరగదని ఆ రేడియోలు నాకు నేర్పాయి. ఆఫీసు అమ్మాయికి అదే చెప్పాను.

"అమ్మా, ఫోన్ ఎత్తితే నెట్టు బాగుపడుతోంది. పెడితే చెడిపోతోంది. దీనికి కారణమేంది?"

"సార్, మీ కంప్లయింట్ నోట్ చేసుకున్నాం. ఒకసారి మోడెం ఆపి..."

"ఆపినా. వేసినా. మా ఇంట్లో మోడెం స్విచ్చి అరిగిపోయిండాది."

చివరికి లైనుమ్యాన్ వచ్చాడు. ధర్మవరం నుంచి హిందూపురం దాకా అందరి లైన్లూ చూసుకునేది తనొక్కడేనట. మనిషి మొహంలో నిద్ర లేదు. వాకిలి గోడకున్న డబ్బాలో మీటరు పెట్టి చూశాడు.

"ఈడి దాకా లైను బాగుండాది పెద్దాయనా. గోడకు అవతల మాది, యివతల మీది."

"యివతల కూడా మీరే కదప్పా వేసింది?"

"ఆ వేసినోళ్ళు రిటైరైపోయిరి. నాకింకా హిందూపురంలో రెండు డబ్బాలు కాలిపోయిండాయి. పోతా."

నాకు ఒళ్ళు మండింది. కానీ వాడి మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అందుకే ఇంకా మండింది.

ఒక శనివారం పొద్దున హిందూపురం యజమాని కోడలి సెల్లుకు ఫోన్ చేశాడు. ఆ సెల్లుకు మా వీధిలో వచ్చే సిగ్నలు మాటకు సరిపోతుంది, ఫైలుకు చాలదు. కోడలు స్పీకరులో పెట్టింది. అంతకు ముందు రెండు రోజులుగా, అక్క మాటలు అయిపోయేలోగా పోనంత పెద్ద కొంగు బొమ్మ ఒకటి చేరలేదు.

"ఏమమ్మా, ఫైలు యాడ? మగ్గాలు ఊరికే నిలబడిండాయి. మధ్యాహ్నానికి అట్టలు కొట్టేవాడు వస్తాడు."

"పంపుతాండానన్నా. నెట్టు..."

"నీ నెట్టు పురాణం నాకొద్దు తల్లీ. మధ్యాహ్నానికి రాకుంటే, సోమవారం నుంచి నువ్వే రైలెక్కి ఈడికి వచ్చి కూర్చో. కంప్యూటర్ ఉండాది, ఫ్యాను ఉండాది. రాలేనంటావా, బెంగళూరులో గీసేవాడున్నాడు."

"బిడ్డ ఉండాది కదన్నా..."

"బిడ్డ నాకూ ఉండాదమ్మా. దాని కోసమే మగ్గాలు."

మాట కటువుగా లేదు. అందుకే బెదిరింపు కాదని తెలిసింది. కోడలు ఫోన్ పెట్టేసి ఉయ్యాల వైపు చూసింది. హిందూపురం రైలు పొద్దున పోతే సాయంత్రానికి గానీ మనిషిని తిరిగి దించదు. పాలు మరవని బిడ్డను వదిలి పోలేదు, పోకపోతే పని ఉండదు. "పెద్దమ్మా, ఫోన్" అని మాత్రం అంది.

అక్క నంబరు తిప్పింది. ఎవరూ ఎత్తలేదు. ఇంకొకరికి చేసింది, ఎత్తలేదు. మూడో నంబరుకు ఒకామె ఎత్తి, మేళాల మోతలో ఏదో అరిచి పెట్టేసింది.

"అందరూ పెండ్లికి పోయిండారంట. నన్ను పిలవలేదు చూడు!" అక్కకు ఫైలు కంటే ఇదే పెద్ద దెబ్బ.

"రాంగ్ నంబరుకైనా చెయ్యి పెద్దమ్మా."

"తెలియనోళ్ళతో ఏం మాట్లాడేది? వాన పడిందా అని అడగల్లా?"

నేను లేచి అక్క చేతిలోంచి రిసీవరు తీసుకుని, ఊరికే బల్ల మీద పడుకోబెట్టాను. ఎవరికీ చేయలేదు, ఏమీ మాట్లాడలేదు. మోడెం దీపం నిలబడింది. ఫైలు కదిలింది. కాసేపటికి రిసీవరు కుయ్యోమని ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపూ ఆగిపోయాక, దీపం మళ్ళీ మిణుకుమంది. ఫైలు సగంలో నిలిచింది.

అప్పటిదాకా మేమంతా అక్క మాటల్లో ఏదో ఉందనుకుంటున్నాం. మాటలతో పని లేదు. రిసీవరు ఎత్తితే తీగలో కరెంటు పారుతుంది. ఎక్కువసేపు ఊరికే వదిలేస్తే అవతల ఎక్స్ఛేంజి వాళ్ళ యంత్రం ఆ కరెంటు తగ్గించేస్తుంది. కరెంటు పారుతున్నంతసేపు నెట్టు బాగుందంటే, తీగలో ఎక్కడో అతుకు చెడి ఉండాలి. చిలుము పట్టిన అతుకు కాస్త కరెంటు తగిలితే దారి ఇస్తుంది, కరెంటు పోతే మూసుకుంటుంది. చిలుము పట్టిన రేడియోలు నా చేతిలో ఎన్నో పోయాయి, ఎన్నో బతికాయి.

మోడెం తీసుకుపోయి వాకిలి డబ్బా దగ్గరే కొత్త తీగ ముక్కతో తగిలించాను. కిటికీలోంచి కరెంటు ఇచ్చాను. దీపం రాయిలా నిలబడింది. లైనుమ్యాన్ చెప్పింది నిజమే, జబ్బు గోడకు ఇవతలే ఉంది.

"అట్లయితే ఆడనే పెట్టి పంపుదాం మామా" అంది కోడలు. కంప్యూటర్ పెద్దది, బల్లతో సహా మోయాల్సిందే. వాకిట్లో కోతుల సంచారం. పైగా శనివారం ఒక్కరోజు గడిస్తే చాలదు, సోమవారం కూడా వస్తుంది. తీగ వెంట చూసుకుంటూ లోపలికి వచ్చాను. గుమ్మం పైనుంచి అది సజ్జ మీదికి పాకింది. స్టూలెక్కి పాత ట్రంకు పెట్టె పక్కకు జరిపితే అతుకు కనిపించింది.

అంత అందమైన అతుకు నేను తీగలకు చూడలేదు. ముడి లేదు. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి సన్నగా మెలిపడి, పైన తెల్ల నూలు దారం వరస తప్పకుండా చుట్టి ఉంది. దారం మీద బూడిద.

స్టూలు మీదనుంచే అడిగాను. "అక్కా, ఇది నీ పనేనా?"

"ఏది?"

"సజ్జ మీద తీగ అతికింది."

"ఓ, అదా! నేను వచ్చిన కొత్తలో ఎలుక కొరికింటే. నువ్వు ఊర్లో లేవు. లైనుమ్యాన్ను పిలిస్తే ఆఫీసులో ఎవుడూ పలకలా. నేనే పండ్లతో పై తోలు గీకి అతికినా. ఫోన్ పలికింది కదా? ఇన్నేండ్లూ పలికింది కదా?"

"పలికింది. నెట్టే పలకలేదు."

"నా అతుకులో తప్పు లేదు. కావల్లంటే లాగి చూడు."

లాగాను. తెగలేదు, జారలేదు. స్టూలు మాత్రం ఊగింది. కోడలు వచ్చి పట్టుకుంది.

"చూస్తివా?" అంది అక్క. "మీ ఆఫీసోళ్ళు వచ్చి లాగినా రాదు."

"లాగినా రాదక్కా. కానీ లోపల దారి లేదు. పోగుకు పట్టు చాలు, తీగకు రాగి రాగి తాకల్ల. మధ్యలో నువ్వు బూడిద పెట్టినావు."

"బూడిద లేకుండా అతుకు ఎట్ల నిలుస్తాదబ్బా? నీకేం తెలుసు అతుకు సంగతి?"

"పెద్దమ్మా, పన్నెండు కావస్తాండాది" అంది కోడలు. గొంతు పెంచలేదు. అక్క ఒకసారి ఆమెను, ఒకసారి ఉయ్యాలను చూసింది. లోపలికి పోయి కత్తెర తెచ్చి నాకు అందించకుండా, "కిందికి దించు దాన్ని" అంది.

అతుకున్న చోట తీగను కిందికి వదిలాను. అక్క తనే దారం కత్తిరించింది. బూడిద తడి పీల్చి గట్టిపడి ఉంది. దాని కింద రాగి పచ్చగా మారింది. అక్క కళ్ళకు ఇప్పుడు దగ్గరివి కూడా ఆనవు, వేళ్ళతో తడిమి చూసింది.

"రాగి పొడిపొడిగా ఉండాది" అంది. వేళ్ళు కొంగుకు తుడుచుకుని, "పట్టుకు ఇట్ల కాదు" అంది.

చెడిన కొసలు కత్తిరించి, కొత్త రాగి బయటికి వచ్చేదాకా గీకాను. మెలివేయబోతే అక్క నా చెయ్యి తోసేసింది.

"నీ మెలి చూసినా లే రేడియోల్లో. జడ అల్లినట్ల ఉంటాది."

"బూడిద వద్దు."

"వద్దు అంటివి కదా, చెవులుండాయి నాకు."

అక్క చూడకుండానే మెలివేసింది. నేను రేడియోల కాలంనాటి టంకం కడ్డీతో సీసం కరిగించి పోశాను. దారం బదులు టేపు చుట్టాను. ఆమెకు టేపు నచ్చలేదు, వంకరగా ఉందని అంది. నిజంగానే వంకరగా ఉంది. మోడెంను లోపలికి తెచ్చి తగిలించాను. దీపం కాసేపు ఆలోచించి, నిలబడింది. రిసీవరు దాని చోట అది పెట్టే ఉంది.

కోడలు ఫైలు పంపింది. నేను గదిలోకి పోలేదు. వేళ్ళకంటిన సీసం గీక్కుంటూ బయట నిలబడ్డాను. లోపలనుంచి "పోయింది మామా" అనే మాట వచ్చింది. నేననుకున్నదానికంటే ముందే వచ్చింది. వెనకే బిడ్డ లేచి ఏడ్చింది.

యజమాని ఫోన్ చేశాడు. "వచ్చిండాదమ్మా. హంస మెడ కొంచెం లావైంది, తగ్గించి పంపు." అరగంట తిరక్కముందే మెడ తగ్గిన హంస హిందూపురం చేరింది. సోమవారం సంగతి ఆయన ఎత్తలేదు. కోడలే అడిగింది.

"సోమవారం నేను రావల్లనా అన్నా?"

"వచ్చి ఏం చేస్తావు? ఫైళ్ళు ఈమాత్రం వస్తాంటే ఈడ కుర్చీ ఎందుకు దండగ? సాయంత్రం ఇంకొక అంచు చెప్తా."

ఆ రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన నా కొడుక్కి సంగతంతా అక్క చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో నేను స్టూలు పట్టుకున్నాను, అంతే.

మంగళవారం ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవలకు ఎన్ని మార్కులు వేస్తారు అని. వాళ్ళకు ఫోన్ చేసి, పరిష్కరించింది మీరు కాదని చెప్పాను. "థాంక్యూ సార్" అంది ఆ అమ్మాయి. నాకు ఇప్పటికీ అది తలచుకుంటే కోపం వస్తుంది.

కానీ అంతకు ముందు రోజు, సోమవారం పొద్దున, హిందూపురం రైలు కూత వేసుకుంటూ పోయింది. కోడలు తల ఎత్తలేదు. బిడ్డను ఒళ్ళో వేసుకుని పాలిస్తూ, రెండో చేత్తో అంచుకు రుద్రాక్షలు గీస్తోంది.