ఐర్లాండ్ తొలి మంత్రివర్గమూ, నేను రాసిన కీ

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, మే నెల మొదటి సోమవారం, డిగ్రీ చరిత్ర పేపర్ల స్పాట్ వాల్యుయేషన్‌కు నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. క్యాంపు ద్వారకా నగర్‌లోని ఒక కాలేజీలో. ఏ జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే ‘కీ’ తయారుచేయడం, ఆరుగురు ఎగ్జామినర్లు దిద్దిన పేపర్లలో కొన్నింటిని మళ్లీ చూడడం చీఫ్ పని. ఫ్యాన్ గాలికి పేపర్లు ఎగరకుండా డస్టర్లు పెట్టుకుని, ఎర్ర సిరా వేళ్లతోనే బజ్జీలు తింటూ పాత మిత్రులం ఏడాదికోసారి కలిసేది అక్కడే. ఆ రోజుల కోసం ఎదురుచూసేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం తగరపువలసలో లెక్చరర్‌గా ఉన్న కృష్ణవేణి ఒక పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బ్రిటిష్ పాలనను ధిక్కరించి 1919లో ఐర్లాండ్ వాళ్లు పెట్టుకున్న పార్లమెంటు, దాని తొలి మంత్రివర్గాల గురించి ప్రశ్న. మొదటి మంత్రివర్గానికి అధ్యక్షుడిగా నా కీలో ఉన్నది అందరికీ తెలిసిన పెద్ద నాయకుడి పేరు. ఈ జవాబులో మరొకరి పేరుంది. పెద్ద నాయకుడు అప్పుడు జైల్లో ఉన్నాడనీ, ఏప్రిల్లో రెండో మంత్రివర్గానికే అధ్యక్షుడయ్యాడనీ రాసి ఉంది.

“కీ పెకారం మార్కు ఎయ్యకూడదు సార్. కానీ ఊరికినే రాసినట్టు లేదు,” అంది.

“పాతికేళ్లుగా సెప్తన్న పాఠమే కదమ్మా!”

“నానూ మీ దగ్గరే నేర్సుకున్నాను సార్. అందుకే బయ్యంగా ఉంది.”

ఇద్దరం లైబ్రరీకి వెళ్లాం. లావుపాటి పాత పుస్తకంలో అరపేజీ దొరికింది. ఎన్నికైనవాళ్లలో సగంమంది జైళ్లలో ఉండగా బయట మిగిలినవాళ్లే మంత్రివర్గం ఏర్పరచారు. అది రెండు నెలలకు కాస్త పైన నడిచింది. ఆ రెండు నెలలనూ నేను ప్రతి ఏడూ క్లాసులో దాటేశాను.

కీ మార్చి, దిద్దిన పేపర్లన్నీ మళ్లీ చూద్దామంటే క్యాంపు ఆఫీసరు ఒప్పుకోలేదు. “ఒక్క మార్కు కోసం ఏటండీ ఇదంతా? సీలేసిన కట్టలన్నీ ఇప్పాల. రిజల్టు లేటయిపోద్ది!”

తప్పు నాదేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. రాతపూర్వకంగా వచ్చాక ఆయనకు కాదనే వీలు లేకపోయింది. కట్టలు విప్పాం. సరైన పేరు రాసినవాళ్లకు మార్కు కలిపాం. మా పాఠాలు నమ్మి తప్పు రాసినవాళ్లకు తగ్గించలేదు. అదనంగా ఒకటిన్నర రోజు పట్టింది. ఇద్దరు మిత్రులు ఆ ఏడాది నాతో కలిసి టీ తాగలేదు. కృష్ణవేణి మాత్రం నా వాటా కట్టల్లో సగం దిద్దిపెట్టింది.

పేపర్ల మీద కోడ్ నంబర్లే ఉంటాయి కనక ఆ జవాబు రాసిందెవరో నాకు తెలియలేదు. మిగిలిన రెండేళ్లూ నా కీని పుస్తకంతో మరో లెక్చరర్ సరిచూశాకే సంతకం పెట్టాను. ఎక్కువసార్లు చెప్పిన పాఠాన్నే ముందు సరిచూసుకోవాలని ఆ క్యాంపులో నేర్చుకున్నాను.