నూరీన్ విప్పిన గ్రామఫోను మోటారు

కాగజ్‌నగర్‌ల కుట్టుమిషన్లు బాగుచేసే నూరీన్‌కు, వాళ్ల నానా, అంటే తల్లిగారి నాయన, వదిలిపోయిన చావి గ్రామఫోను మీద ఎప్పటినుంచో కన్నుండె. ఎంత తిప్పినా చావి ఊరికెనే తిరుగుతుండె, పైన పళ్లెం మాత్రం కదలకపోతుండె. లోపల స్ప్రింగు తెగిందని ఆమెకు తెలుసు. కానీ అది ఏ మోటారో తెలిస్తేగదా, దానికి సరిపోయే స్ప్రింగు దొరికేది! పెట్టె మీది పేరు ఎప్పుడో అరిగిపోయింది.

ఆ శుక్రవారం మోటారును బయటికి తీసి, ఆదిలాబాద్‌ల పాత గ్రామఫోన్లు జమచేసే షరీఫ్ చాచాకు వీడియో కాల్ చేసింది.

"స్ప్రింగు డబ్బా జర దగ్గరికి చూపియ్యి బేటీ," అన్నడు చాచా. "ఎంత పొడుగున్నది గది! ఒక్క స్ప్రింగుకు గంత జాగ ఎందుకు?"

నూరీన్ ఫోన్‌ను డబ్బా దిక్కు ఆనించి పెట్టింది. చేతులకు మందపు గుడ్డ చుట్టుకొని మూత మెల్లగ ఊడదీసింది. నల్లటి గ్రీజుల ఒక స్ప్రింగు రెండు ముక్కలై ఉన్నది. దాన్ని తీస్తే ఒక అడ్డురేకు, ఆ రేకు వెనుక ఇంకో స్ప్రింగు, చెక్కుచెదరకుండ!

"చాచా, రెండున్నయి! జోడు స్ప్రింగుల మోటారు!" అని అరిచింది. ఏమైందోనని తల్లి మహబూబ్‌బీ వంటింట్ల నుంచి ఉరికొచ్చింది.

"గసొంటి మోటారు నా దగ్గర ఉన్నది! పెట్టె పాడైంది గానీ స్ప్రింగులు మంచిగనే ఉన్నయి. రేపు పొద్దుగాల బస్సుకు నేనే తెస్త," అనుకుంట చాచా కుర్చీల నుంచి లేచిండు.

తెల్లారి ఇద్దరు కలిసి స్ప్రింగు బిగించిన్రు. ఈసారి చావి తిప్పుతుంటే చేతికి బిగువు తగిలింది. పళ్లెం తిరిగింది, రికార్డు పాడింది. మహబూబ్‌బీ నోటికి చెంగు అడ్డం పెట్టుకొని పకపక నవ్వింది. నూరీన్ మాత్రం పాట వదిలేసి, పెట్టెకు చెవి ఆనించి మోటారు చప్పుడే వినుకుంట కూసున్నది.