వెనుక మెట్ల మీది వంట

మెట్‌పల్లిలో పసుపు మార్కెట్ వెనుక వీధికి పోయి ప్రమోదిని ఇల్లేదంటే ఎవరైనా చూపిస్తారు. భర్త విద్యాధర్‌కు పసుపు వ్యాపారం, ఊళ్ళో పొలం. ఎప్పుడూ నలుగురు వచ్చిపోయే ఇల్లు. ప్రమోదిని మాట నెమ్మది, నడక నెమ్మది. ఆమె గొంతు గోడ దాటి వినబడదని వీధి ఆడవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు చెవిన పడ్డప్పుడల్లా ఆమె కొంగు ఇంకొంచెం సర్దుకునేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నెలసరి వస్తే ఆడమనిషి వంటింట్లో అడుగు పెట్టకూడదు. అత్తమ్మ పట్టింపు అది. వెనుక వాకిట్లో చిన్న గది, దాని ముందు మెట్లు. ఆ రోజుల్లో ప్రమోదిని బతుకంతా అక్కడే. అత్తమ్మకు చేతులు వణుకుతాయి, పొయ్యి దగ్గర నిలబడలేదు. హోటల్ తిండి ముట్టదు. షుగర్ గోలీ వేసుకునే మనిషి గనుక వేళకు తినక తప్పదు. విద్యాధర్‌ను వండమందామా అంటే, స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా తెలియని మనిషాయె!

అలా వంట రిత్విక్ చేతికొచ్చింది. పదేళ్ళ పిల్లవాడు. తల్లి మెట్ల మీద కూర్చుని చెప్పేది, వాడు వంటింటి కిటికీ లోపల నిలబడి చేసేవాడు.

"బియ్యంల వేలు పెట్టి చూడు. నీళ్ళు మొదటి గణుపు దాక రావాలె."

"నా వేలా, నీ వేలా అమ్మా?"

"నీదేరా! నా వేలు గాడికెట్ల వస్తది?"

మొదటిసారి అన్నం అడుగంటింది. "కాకి బువ్వ, కాకి బువ్వ" అని చెల్లెలు స్నిగ్ధ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత పప్పు కుదిరింది. పచ్చిపులుసైతే వాడికి పట్టుబడింది. మిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిగడ్డతో కలిపి పిసికి, చింతపండు రసం పోసి, వేయించిన నువ్వుల పొడి చల్లేవాడు. అత్తమ్మ రెండోసారి కలుపుకున్న రోజున గిన్నె తీసుకుని మెట్ల దాకా పరుగెత్తుకొచ్చి తల్లికి చూపించాడు. "చూడు, అడుగు కనబడుతుంది!"

ప్రమోదిని నవ్వింది. నవ్వి, పక్కింటి గోడ వైపు చూసి, "మెల్లగా మాట్లాడు" అన్నది.

అదే వీధిలో నర్మద మనుమరాలికి తొట్టెల పండుగ చేశారు. మగవాళ్ళ బంతిలో తండ్రి పక్కన కూర్చున్నాడు రిత్విక్. ప్రమోదిని లడ్డూలు వడ్డిస్తోంది. వాడు పచ్చిపులుసు జుర్రి, నాలుక చప్పరించి, పెద్దమనిషిలా అన్నాడు.

"గిండ్ల మిరపకాయలు కాల్చకుంట వేసిండ్రు. గందుకే రుచి రాలే."

"అబ్బో, వంటమాస్టర్ వచ్చిండు!" నర్మద గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "నీకెవలు నేర్పిండ్రు కొడుకా?"

"మా అమ్మ. నెలనెల వెనుక మెట్ల మీద కూసుంటది గద, గప్పుడు బయటికెల్లి చెప్తది, నేను వండుత. మొన్న సోమారం గూడ నేనే వండిన."

బంతి మొత్తం గొల్లుమంది. ఎదుటి వరుసలోంచి అంతయ్య అనే ముసలాయన విస్తరి మీద వంగి, "ఏమయ్యా విద్యాధర్, నీకు కొడుకు పుట్టిండా, కోడలు పుట్టిందా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. తనను మెచ్చుకుంటున్నారనుకుని రిత్విక్ కూడా నవ్వాడు. విద్యాధర్ సగం తిన్న విస్తరి మడిచేశాడు. ప్రమోదినికి ఒళ్ళంతా వేడెక్కింది. తన లోపలి సంగతి, భర్తతో కూడా పెదవి విప్పి అనని సంగతి, ఇప్పుడు ఇంతమంది మగవాళ్ళ ముందు అన్నంలో కలిసిపోయింది. లడ్డూల పళ్ళెం ఎవరి చేతిలో పెట్టిందో ఆమెకు గుర్తులేదు.

ఇంటికొచ్చాక తలుపు వేసింది. చెయ్యి ఎత్తలేదు గానీ, మాట ఎత్తింది.

"సిగ్గు లేదారా నీకు? మొగపిల్లగాడు పొయ్యి కాడ నిలబడుతడని పదిమందిల చెప్పుకుంటరా? నా ఇజ్జత్ తీసినవ్."

"బాగ వండుతనని నువ్వే అన్నవ్ గద అమ్మా?"

ఆమె కొంగు సర్దుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

మరుసటి నెల ఆ రోజు రానే వచ్చింది, అదీ బడి సెలవు నాడు. మెట్ల మీద కూర్చుని, "రిత్విక్, బియ్యం కడుగు బిడ్డా" అని పిలిచింది.

వాడు గడప దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "నేను వండ. నాకు సిగ్గయితది."

ఆ మాట తానిచ్చిందే. ఇప్పుడు తిరిగి తీసుకోవడానికి ప్రమోదినికి నోరు రాలేదు. విద్యాధర్ ఇడ్లీలు కట్టించుకొచ్చి పిల్లలకు పెట్టి దుకాణానికి పోయాడు. గోలీ వేసుకున్న అత్తమ్మ మాత్రం, "హోటల్ మెతుకు నా నోట్ల పెట్టను" అని మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆమె మెడ మీద చెమట మెరవడం వెనుక తలుపులోంచి కనబడింది. ప్రమోదిని లేచింది, కూర్చుంది. అన్నం లేక కళ్ళు తిరిగి పడిపోతుందేమో! అయినా గడప దాటాలంటే కాళ్ళు కదలవాయె.

గోడ అవతలి నుంచి ఖుద్సియా గొంతు వినబడింది. పక్కింటి ఆమె, బట్టల దుకాణం జబ్బార్ భార్య.

"ఏం ప్రమోదినక్కా, ఇయ్యాల పాఠం లేదా?"

"ఏం పాఠం?"

"అరె, మీరు వంట చెప్పే పాఠం! మా పిల్ల ఫర్హీన్ గీ గోడ కాడ కూసోని ఇనుకుంటనే పప్పు నేర్చింది, పచ్చిపులుసు నేర్చింది. పొద్దటిసంది చూస్తుంది, రిత్విక్ ఇంకా ఎందుకు మొదలువెట్టలే అని."

ప్రమోదిని తల వంగిపోయింది. ఇన్నాళ్ళూ గుసగుసగా చెప్పాననుకున్నది ప్రతి మాటా గోడ దాటింది. ఆమె ఏ రోజుల్లో ఎక్కడ కూర్చుంటుందో పక్కింటి పిల్లకు కూడా తెలుసు. అయినా ఎవరూ నవ్వలేదు, కూర్చుని నేర్చుకున్నారు. మూటగట్టి దాచానని మురిసిన పరువు అక్కడ లేనేలేదు. దాని కోసం పిల్లవాడు తల వంచుకునేలా చేసింది.

"రిత్విక్" అని పిలిచింది. వాడు వచ్చాడు.

"నీది సిగ్గుపడే పని గాదు బిడ్డా. సిగ్గు నాకయింది. నాది నీకంటగట్టిన. నానమ్మ తినలే, చూడు, చెమటలు పడుతున్నయ్. జర బువ్వ పెట్టు."

రిత్విక్ మంచం వైపు చూశాడు, లోపలికి వెళ్ళాడు. ముందుగా నానమ్మ చేతికి అరటిపండు ఒలిచిచ్చాడు. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. ఆ వెంటనే వంటింటి కిటికీ రెక్కలు ధడాలున మూసుకున్నాయి. లోపల గడియ పడింది.

ప్రమోదిని ఆ మూసిన రెక్కల వైపు చాలాసేపు చూసింది. అది మూయడం వాడికి ఎవరు నేర్పారో ఆమెకు తెలుసు. మెట్లు దిగి, ఆ రోజుల్లో ఎన్నడూ ముట్టని ఆ కిటికీ మీద వేళ్ళతో తట్టింది.

"తెరువు బిడ్డా. పొగకు కండ్లు మండుతయి."

మళ్ళీ తట్టింది. ఈసారి గోడ అవతలికి కూడా వినబడేంత గట్టిగా అడిగింది.

"మిరపకాయలు కాల్చినవా రిత్విక్?"

కాసేపటికి గడియ కదిలింది. ఒక రెక్క తెరుచుకుంది, ఒకటి మూసే ఉంది.